ఐసీయూ నుంచి వార్డుకు రెండుసార్లు పంపిన ఒక పేషెంట్

నేను ఐసీయూ డాక్టర్‌ని. పేషెంట్‌ని వార్డుకు షిఫ్ట్ చేసే కాగితం మీద సంతకం నాదే ఉంటుంది. ఈ కేసులో ఆ సంతకం రెండుసార్లు పెట్టాను. మొదటిసారి పంపిన 29 గంటలకే ఆయన మళ్లీ ఐసీయూకు వచ్చి వెంటిలేటర్ మీదికి వెళ్లారు. రెండోసారి వార్డు నుంచి నడుచుకుంటూ ఇంటికి వెళ్లారు. ఆయన ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. తీసుకున్న నిర్ణయాలు, వాటికి ఆ రోజు మేం చెప్పుకున్న కారణాలు మాత్రం మార్చలేదు.

నేపథ్యం

ఆయనకు అరవై ఏళ్లు ఉంటాయి. బీపీకి మాత్రలు వాడేవారు, అంతకు మించి పెద్ద జబ్బులేమీ లేవు. తీవ్రమైన న్యుమోనియాతో వచ్చారు, కొన్ని గంటల్లోనే సెప్టిక్ షాక్‌లోకి (ఇన్ఫెక్షన్ వల్ల బీపీ పడిపోయే స్థితి) వెళ్లారు. 11 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. బీపీ నిలబెట్టడానికి నాలుగు రోజులు నార్ అడ్రినలిన్ నడిచింది. 11వ రోజు గొంతులోంచి వెంటిలేటర్ ట్యూబ్ తీశాం. గొంతు బొంగురుగా ఉన్నా మాట్లాడారు. భార్యను గుర్తుపట్టారు. రాత్రిళ్లు మాత్రం ఎక్కడున్నారో తెలియక మంచం దిగబోయేవారు. అందుకని 12వ రోజు రాత్రి నుంచి తికమకను తగ్గించి మగత తెచ్చే క్వెటియాపిన్ అనే మందు 50 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం.

మొదటిసారి ఎందుకు పంపాం

13వ రోజు రాత్రి పది గంటలకు క్యాజువాలిటీ నుంచి ఫోన్ వచ్చింది. ఊపిరి అందని ఒక పేషెంట్‌కి వెంటనే వెంటిలేటర్ కావాలి. బెడ్లన్నీ నిండి ఉన్నాయి. ఉన్నవాళ్లలో ఎవరు కాస్త కుదురుగా ఉన్నారని చూస్తే అందరి వేళ్లూ ఆయన బెడ్ వైపే చూపించాయి.

నా లెక్క ఇదీ. షాక్ మందు ఆగి తొమ్మిది రోజులైంది. యూరిన్ బాగా వస్తోంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుకు వచ్చింది. ముక్కులో పెట్టే చిన్న గొట్టాల (ప్రాంగ్స్) ద్వారా నిమిషానికి 3 లీటర్ల ఆక్సిజన్‌తో సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 95. శ్వాస నిమిషానికి 22, నాడి 98, బీపీ పై అంకె 118, జ్వరం లేదు. ట్యూబ్ తీసి రెండు రోజులు దాటింది. ఒక్కొక్క అంకెనూ విడిగా చూస్తే ఏదీ నన్ను భయపెట్టలేదు. అటువైపు ఉన్న పేషెంట్‌కి బెడ్ దొరక్కపోతే ఏమవుతుందో నాకు స్పష్టంగా తెలుసు. ఇటువైపు ఏమవుతుందో అంత స్పష్టంగా కనపడలేదు. రెండు ప్రమాదాల్లో కళ్లెదుట ఉన్నదాన్ని చూసి నిర్ణయం తీసుకున్నాను.

రాత్రిపూట షిఫ్ట్ చేయడం మంచిది కాదని నాకు తెలియక కాదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2007లోనే, రాత్రి 10 నుంచి ఉదయం 7 మధ్య ఐసీయూ నుంచి వార్డుకు పంపడం వీలైనంత వరకు మానుకోవాలని, తప్పక పంపితే దాన్ని ప్రతికూల ఘటనగా నమోదు చేయాలని చెప్పింది. రాత్రి వార్డులో ఒక సిస్టర్‌కి పది మందికి పైగా పేషెంట్లుంటారు. కొత్తగా వచ్చినవాళ్లను కూర్చుని చూసే తీరిక ఆమెకు ఉండదు. ఇవన్నీ తెలిసీ, ఆ రాత్రికి ఇంకో దారి లేదనుకున్నాను. బెడ్ ఖాళీ చేయక తప్పలేదని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆయన్ని పంపిన పద్ధతిని మాత్రం నేను సమర్థించుకోలేను.

రాత్రి 11:20కి ట్రాలీ కదిలింది. మా జూనియర్ డాక్టర్ వార్డుకు ఫోన్ చేసి నాలుగు నిమిషాలు మాట్లాడారు. "కొంచెం ఆయాసంగా కనిపిస్తారు, రాత్రిళ్లు కాస్త తికమకపడతారు, మా దగ్గర కూడా అలాగే ఉన్నారు సిస్టర్, కంగారు పడకండి" అని చెప్పారు. మంచి మనసుతో చెప్పిన మాటే. తర్వాత జరిగినదాంట్లో ఎక్కువ నష్టం చేసింది కూడా ఆ మాటేనని నా అభిప్రాయం.

ఆ 29 గంటలు

తెల్లారాక వార్డు డాక్టర్ రౌండ్స్‌లో చూశారు. సాచురేషన్ 93 ఉంటే ఆక్సిజన్ 4 లీటర్లు చేశారు. ఫిజియో (కఫం బయటికి తెప్పించే ఫిజియోథెరపిస్ట్) ఒకసారి వచ్చి వెళ్లారు. మధ్యాహ్నం మూడింటికి ఆయన భార్య సిస్టర్ దగ్గరికి వెళ్లి, ఛాతీలో గురగురమంటోందని, ఐసీయూలో ఇలా వినపడగానే ఏదో గొట్టం పెట్టి లాగేసేవారని చెప్పారు. కఫం ఉంటుందమ్మా, మెల్లగా తగ్గుతుందని జవాబు వచ్చింది. రాత్రి తొమ్మిదికి క్వెటియాపిన్ ఇచ్చారు, మా సమ్మరీలో కొనసాగించమని ఉంది కాబట్టి. పదకొండుకు ఆయన పడుకున్నారని రాసి ఉంది. ఒంటిగంటకూ పడుకున్నారనే ఉంది. అప్పటికి ఆక్సిజన్ 6 లీటర్లకు వెళ్లింది.

మూడున్నరకు భార్య తట్టి లేపితే ఆయన లేవలేదు. వార్డు నుంచి పిలుపు రాగానే పరుగెత్తాను. నిమిషం పాటు గడియారం చూస్తూ లెక్కపెట్టాను, శ్వాస 34 ఉంది. చార్టులో మాత్రం పొద్దున్నుంచి ఐదుసార్లూ 20 అనే ఉంది. దీనికి ఆ వార్డును తప్పుపట్టను. శ్వాసను పూర్తి నిమిషం లెక్కపెట్టకుండా 18 అనో 20 అనో రాసేయడం చాలా చోట్ల ఉన్న అలవాటు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నాకూ ఉండేది. కానీ పేషెంట్ దిగజారుతున్నాడని అందరికంటే ముందు చెప్పే అంకె అదే.

రక్తంలోని వాయువులు చూసే ఏబీజీ పరీక్షలో పీహెచ్ 7.24, కార్బన్ డయాక్సైడ్ 68. నిద్ర అనుకున్నది నిద్ర కాదు, కార్బన్ డయాక్సైడ్ మత్తు. అప్పుడు మాస్క్ వెంటిలేషన్ పెట్టి చూద్దామా అనే ఆలోచన వచ్చింది. మత్తులో ఉండి, గొంతు నిండా కఫం ఉన్నవాళ్లకు బిగుతుగా మాస్క్ పెడితే ఆ కఫాన్ని ఇంకా లోపలికి తోసినట్టే అవుతుందని వద్దనుకున్నాను. నాలుగున్నరకు ఐసీయూకు తెచ్చి మళ్లీ ట్యూబ్ వేశాం. ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి కింది భాగం మూసుకుపోయి ఉంది. ఊపిరితిత్తుల్లోకి పంపే కెమెరా గొట్టం (బ్రాంకోస్కోప్) పెట్టి చూస్తే జిగురులా పట్టేసిన కఫం ముద్ద బయటికి వచ్చింది.

రెండు చార్టులు పక్కపక్కన

ఆ మధ్యాహ్నం మా సీనియర్ సిస్టర్, నేను కూర్చుని ఐసీయూ నర్సింగ్ చార్టును, వార్డు చార్టును పక్కపక్కన పెట్టి చూశాం. మానిటర్ అంకెలు వదిలేసి, ఎవరు ఏ పని ఎన్నిసార్లు చేశారన్నదే లెక్కపెట్టాం. ఆలోచన ఆమెదే.

ఐసీయూలో చివరి 24 గంటల్లో సక్షన్ పెట్టి కఫం లాగడమో, పక్కన నిలబడి దగ్గించడమో 11 సార్లు జరిగింది. మంచం మీద కిందికి జారిపోతే పైకి లాగి కూర్చోబెట్టడం 7 సార్లు. ఫిజియో 3 సార్లు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం. రాత్రి నాలుగైదు సార్లు పేరు పెట్టి పిలిచి, ఆస్పత్రిలో ఉన్నారని చెప్పి పడుకోబెట్టడం. వార్డులోని 29 గంటల్లో సక్షన్ 2 సార్లు, ఫిజియో ఒకసారి.

నేను చూసిన ఆ 95 సాచురేషన్‌లో 3 లీటర్ల ఆక్సిజన్ ఎంతుందో, 11 సార్లు కఫం లాగిన చేతులూ అంతే ఉన్నాయి. ఆక్సిజన్ ఎన్ని లీటర్లో సమ్మరీలో రాశాం. చేతుల సంగతి ఎక్కడా రాయలేదు. మాకు ఎంత అలవాటైపోయిందంటే, అది ఒక చికిత్స అనే స్పృహే పోయింది.

ఇంకో లెక్క కూడా అప్పుడే వేశాం. పేషెంట్ దిగజారుతున్నాడేమో ముందే పట్టుకోవడానికి వార్డుల్లో న్యూస్ స్కోర్ వాడతారు, అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన స్కోర్ అది. ఐసీయూలో నిరంతరం మానిటర్ ఉంటుంది కాబట్టి మేం ఎప్పుడూ వేయం. ట్రాలీ కదిలిన నిమిషానికి ఆయన అంకెలతో వేసి చూశాను. శ్వాస 22కి 2, సాచురేషన్ 95కి 1, ఆక్సిజన్ మీద ఉన్నందుకు 2, నాడి 98కి 1. మొత్తం 6. సవరించిన పద్ధతిలో కొత్తగా వచ్చిన తికమకకు ఇంకో 3 కలుస్తాయి, అంటే 9. ఆ స్కోర్‌లో 5 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టర్ వెంటనే వచ్చి చూడాలి. 7 గానీ అంతకు మించి గానీ వస్తే ఎమర్జెన్సీ, నిరంతర మానిటరింగ్ కావాలి.

అంటే వార్డు గుమ్మం దాటేసరికే ఆయన అలారం మోగాల్సిన స్థితిలో ఉన్నారు. మోగకుండా ఆపింది మేమే. ఆయన మామూలుగానే అలా ఉంటారని, కంగారు పడొద్దని ఐసీయూ నుంచే చెప్పాక, ఏ సిస్టర్ అయినా అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్‌ని ఏ ధైర్యంతో లేపుతుంది?

మొదటి దిద్దుబాట్లు

నాలుగు రోజుల తర్వాత, 19వ రోజు ట్యూబ్ మళ్లీ తీశాం. ఈసారి మంచినీళ్లు తాగించి చూశాం. రెండు గుక్కలకే దగ్గారు, గొంతు తడితడిగా మారింది. చాలా రోజులు ట్యూబ్ ఉన్నవాళ్లలో మింగే శక్తి దెబ్బతినడం తరచూ చూస్తాం. మొదటిసారి ట్యూబ్ తీశాక ఈ పరీక్ష చేయలేదు. ఊపిరితిత్తుల్లోకి కొంచెం కొంచెంగా జారుతున్నది అప్పుడు కూడా ఉండి ఉంటుంది. చేతులు, కాళ్ల కండరాల బలం కొలిస్తే 60కి 40 వచ్చింది. 48 కంటే తక్కువ ఉంటే ఐసీయూ వల్ల వచ్చిన కండరాల బలహీనత అంటాం. లేచి కూర్చోలేని మనిషి గట్టిగా దగ్గలేడు కూడా.

అయినా మేం ముందుగా ఎంచుకున్న మార్గాలు రెండూ పనిచేయలేదు. భయంతో ఎంచుకున్నవి కాబట్టే పనిచేయలేదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఒకటి, ఇంకొన్ని రోజులు ఇక్కడే ఉంచుదాం అనుకోవడం. మూడు రోజులు ఉంచాం. రాత్రంతా లైట్లు, అలారాలు, పక్క బెడ్‌లో ఎమర్జెన్సీలు. ఆయనకు నిద్ర లేదు. తికమక పెరిగింది. వైర్లున్నాయని ఆయన్ని మంచం మీంచి దించలేదు, కాళ్లు ఇంకా నీరసించాయి. ఎక్కువ రోజులు ఉంచితే ఎక్కువ భద్రత అనుకున్నాం. ఆయన విషయంలో ఐసీయూ అప్పటికే మేలు చేయడం ఆపేసి కీడు చేస్తోంది.

రెండోది, సమ్మరీని వివరంగా రాయడం. మా జూనియర్ ఎంతో శ్రద్ధగా నాలుగు పేజీలు రాశారు. రెండోసారి ఆయన్ని తీసుకోబోయే వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి ముందుగానే ఇచ్చాను. ఆమె చదివి అడిగింది ఒక్కటే: "ఇందులో నేను రాత్రి రెండింటికి ఏం చేయాలో ఎక్కడుంది డాక్టర్ గారూ?" వెతికాం. లేదు. ఆయనకు ఏమేం జరిగాయో మాత్రమే ఉంది.

ఐసీయూలోనే వార్డు

సీనియర్ సిస్టర్ ఇంకో మాటన్నారు. "మనం చేసేవన్నీ ఇక్కడే ఆపి చూస్తే సరిపోతుంది కదా సార్." దాన్నే మేం రిహార్సల్ అని పిలవడం మొదలుపెట్టాం. 24 గంటలు ఆయన మా ఐసీయూలోనే ఉంటారు, కానీ వార్డులో ఉన్నట్టు. ధమనిలో పెట్టిన సన్నని గొట్టం (ఆర్టీరియల్ లైన్) తీసేశాం. బెడ్ పక్క మానిటర్ తెర ఆపేసి, సెంట్రల్ స్టేషన్‌లో మాత్రం అలారాలు ఉంచాం. ఆ జాగ్రత్త లేకుండా ఈ పని ఎవరూ చేయకూడదు. బీపీ, నాడి, శ్వాస నాలుగు గంటలకోసారే చూడాలి. వార్డులో దొరకని పని ఏది చేయాల్సి వచ్చినా సిస్టర్ చేసేయాలి, ఆపకూడదు, కానీ చేసిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీయాలి.

మొదటి రిహార్సల్‌లో 9 గీతలు వచ్చాయి. ఆరు రాత్రి పది తర్వాతవే, అన్నీ కఫానికి సంబంధించినవే. అంకెలు మొదటిసారి పంపినప్పటికంటే బాగున్నాయి. ఆ అంకెలను మాత్రమే చూసి ఉంటే ఆ రోజే పంపేవాణ్ని. గీతలు చూసి ఆపాను.

ఆగాక ఏం చేయాలో కూడా ఆ గీతలే చెప్పాయి. ఇబ్బంది రాత్రి ఉంటే ఫిజియో అంతా పగలే జరుగుతోంది. రోజుకు నాలుగుసార్లు చేసి, అందులో ఒకటి రాత్రి తొమ్మిదికి పెట్టాం. దానికి ముందు సెలైన్ నెబులైజేషన్. గట్టిగా దగ్గే బలం లేదు కాబట్టి, అద్దం మీద ఆవిరి ఊదినట్టు గొంతు తెరిచి హఫ్ చేయడం నేర్పించాం. నీళ్లు, పలచటి ద్రవాలు ఆపి చిక్కగా చేసినవి, నిటారుగా కూర్చోబెట్టి మాత్రమే ఇచ్చాం. క్వెటియాపిన్ ఆపేశాం. బదులుగా రాత్రి ఆయన బెడ్ దగ్గర లైటు తగ్గించాం, కళ్లజోడు తెప్పించాం, పగలు రెండు పూటలా కుర్చీలో కూర్చోబెట్టాం. రెండు రాత్రుల్లో తికమక తగ్గింది. కళ్లజోడు అంత పని చేస్తుందని నేను అనుకోలేదు. గోడ మీద ఉన్న గడియారం కనపడక ఆయనకు రాత్రో పగలో తెలియట్లేదట.

రెండో రిహార్సల్‌లో గీతలు మూడు. మూడూ పైకి జరిపి కూర్చోబెట్టడమే. ఆ పని నేర్పిస్తే ఆయన భార్య, వార్డు అటెండెంట్ కలిసి చేయగలరు.

ఈ 24 గంటల్లో అనుకోకుండా ఇంకో సంగతి బయటపడింది. మానిటర్ తెర ఆపగానే ఆయనకు టెన్షన్ పట్టుకుంది. మెల్లగా అడిగితే చెప్పారు. మొదటిసారి వార్డుకు తీసుకెళ్లిన రాత్రి, బీప్ శబ్దం ఆగిపోయేసరికి తన గుండె ఆగిందనుకున్నారట. ఇక చేసేదేమీ లేదని పంపేస్తున్నారనుకున్నారట. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు. మనకు వార్డుకు పంపడం శుభవార్త. పది రోజులు ఆ శబ్దం మధ్యే బతికిన మనిషికి అది చెయ్యి వదిలేయడంలా అనిపించవచ్చు. ఈసారి శబ్దం లేకుండా ఒక రాత్రి మా కళ్లెదుటే గడిపారు కాబట్టి తెల్లారేసరికి ఆయనకే ధైర్యం వచ్చింది.

రెండోసారి

26వ రోజు ఉదయం పదిన్నరకు పంపాం. న్యూస్ స్కోర్ 2, అది కూడా 1 లీటర్ ఆక్సిజన్ మీద ఉన్నందుకు. ముందురోజు సాయంత్రం వార్డు సిస్టర్ ఐసీయూకు వచ్చి, రాత్రి ఫిజియో ఎలా చేస్తున్నామో చూసి, ఆయనతో మాట్లాడి వెళ్లారు. ట్రాలీ వార్డుకు చేరేసరికి ఆయనకు అక్కడ తెలిసిన ముఖం ఒకటి ఉంది.

నాలుగు పేజీల సమ్మరీని కేస్ షీట్‌లో ఉంచి, పైన ఒకే కాగితం పెట్టాం. ఇక్కడ మేం చేస్తున్న పనులు, అక్కడ అవి ఎవరు, ఏ వేళకు చేస్తారు. ఏం కనపడితే ఎవరికి ఫోన్ చేయాలి: శ్వాస నిమిషం లెక్కపెట్టి 25 ఉంటే, ఆక్సిజన్ 3 లీటర్లు దాటితే, లేపినా మగతగా ఉంటే. బీపీ మాత్రలు షాక్ అప్పుడు ఆపినవి, ఒకటి మళ్లీ మొదలైంది, రెండోది వార్డులో చూసి మొదలుపెట్టాలి. ఐసీయూలో మొదలైన మందుల్లో ఏది ఏ తేదీకి ఆపాలి. అంతే.

ఫోన్ బదులు బెడ్ పక్కనే నిలబడి అప్పగించాం. విన్న సిస్టర్ తిరిగి మాకు చెప్పాలి, అది ముఖ్యం. ఐ పాస్ అనే అప్పగింత పద్ధతిలో చివరి మెట్టు ఇదే. అమెరికా, కెనడాల్లో 9 ఆస్పత్రుల పిల్లల విభాగాల్లో ఆ పద్ధతిని పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. నివారించదగిన ప్రతికూల ఘటనలు 30 శాతం తగ్గాయి. మా దగ్గర ఆ ఒక్క మెట్టు వల్ల ఏం జరిగిందో చెబుతాను. సిస్టర్ తిరిగి చెబుతూ "నీళ్లు కొంచెం కొంచెం ఇవ్వచ్చు" అన్నారు. చిక్కగా చేసినవే ఇవ్వాలని మేం అన్న మాట అలా వినిపించింది. అక్కడికక్కడే సరిదిద్దాం.

ఆయన భార్యకు గురగుర శబ్దం వినపడితే ఎవరిని, ఏ మాటలతో పిలవాలో చెప్పాం. మొదటిసారి జబ్బును అందరికంటే పదమూడు గంటల ముందు పట్టుకున్నది ఆమే కాబట్టి, ఆ కాగితం మీద ఫోన్ చేయడానికి ఉన్న కారణాల్లో "భార్య కంగారు పడితే" అని కూడా రాశాం.

మా సిస్టర్ ఒకరు నాలుగు గంటలకు, రాత్రి తొమ్మిదికి, మర్నాడు పొద్దున వెళ్లి చూసి వచ్చారు. రెండో రాత్రి ఒంటిగంటకు వార్డు నుంచి ఫోన్ వచ్చింది. శ్వాస 26. కఫం లాగి, కూర్చోబెట్టి, నెబులైజేషన్ ఇచ్చాక గంటలో 20కి వచ్చింది. నాకు ఈ కేసు మొత్తంలో సంతోషం కలిగించింది ఆ ఫోనే. వార్డులో మరో 12 రోజులు ఉండి ఇంటికి వెళ్లారు.

మిగిలినవి

ఇప్పుడు షిఫ్ట్ నిర్ణయానికి ముందు రౌండ్స్‌లో డాక్టర్ కంటే ముందు బెడ్ సిస్టర్ మాట్లాడతారు. నిన్న మీరు ఈయనకు ఏమేం చేశారు, అందులో వార్డులో ఎవరూ చేయనిది ఏది, అని అడుగుతాం. న్యూస్ స్కోర్ మేం ఇక్కడే వేసి పంపుతాం. "మా దగ్గర కూడా అలాగే ఉన్నారు" అన్న మాటను అప్పగింతలో నిషేధించాం. ఎలా ఉంటే ఎంతవరకు ఫర్వాలేదో అంకెలో చెప్పాలి. రిహార్సల్ అందరికీ పెట్టం, బెడ్లు అంత ఖాళీగా ఉండవు. వారం పైగా వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు, దగ్గు బలహీనంగా ఉన్నవాళ్లకు, తికమక ఉన్నవాళ్లకు పెడతాం. వీలైతే 24 గంటలు, లేకపోతే కనీసం ఒక రాత్రి.

రాత్రి బెడ్ కావాల్సి వచ్చే పరిస్థితి పోలేదు, పోదు కూడా. అందుకని రోజూ సాయంత్రం ఐదింటికి, అవసరం పడితే ఈ రాత్రి ఎవరిని పంపగలమో ముందే అనుకుని, ఆ కాగితం రాసిపెట్టి, వార్డు సిస్టర్‌ని పిలిచి ఆ పేషెంట్‌ని చూపిస్తున్నాం. చాలా రాత్రులు ఆ కాగితంతో పని పడదు. ఆదివారం రాత్రి తొమ్మిదికి ఫిజియో చేసేవాళ్లు మాత్రం వార్డులో ఇప్పటికీ లేరు. ఆ రోజుకు మా సిస్టర్లే వెళ్లి వస్తున్నారు. ఐసీయూ నిండుగా ఉన్న ఆదివారాల్లో అది కుదరడం లేదు. అలాంటి పేషెంట్లను శనివారం పంపకుండా సోమవారం వరకు ఆపుతున్నాం.